‘రికుగున్’ (1944): కినొషితా సినిమా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ పాత సినిమాల గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే దర్శకుల్లో ఓజు, కురోసావా, మిజొగుచి పేర్లు ముందు వస్తాయి. కెయిసుకె కినొషితా పేరు కాస్త ఆలస్యంగా వస్తుంది. వచ్చిందంటే మాత్రం ‘రికుగున్’ చివరి సన్నివేశం దాకా మాట వెళ్లకుండా ఉండదు. ఆ సినిమా చూసినవాళ్లూ, చూద్దామనుకుంటున్నవాళ్లూ అడుగుతుండే ప్రశ్నలివి. ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడడం కుదరదు. ముందే కథ తెలిసిపోవడం ఇష్టం లేకపోతే సినిమా చూసొచ్చి చదవండి.

అసలు ఏమిటీ సినిమా?

రికుగున్ అంటే భూసైన్యం. షోచికు కంపెనీ తీసింది. 1944 డిసెంబర్‌లో విడుదలైంది. నలుపు తెలుపు, నిడివి 87 నిమిషాలు. అషిహెయ్ హినో నవల ఆధారంగా తదావో ఇకెదా స్క్రిప్టు రాశాడు. తల్లి వాకాగా కినుయో తనాకా, తండ్రి తొమొసుకెగా చిషూ ర్యూ నటించారు. దర్శకుడు కినొషితాకి అప్పటికి 32 ఏళ్లు. దర్శకుడిగా అంతకు ముందు ఏడాదే మొదలుపెట్టాడు, ఇది నాలుగో సినిమా.

కథ ఏమిటి?

తకాగి అనే కుటుంబం, తరతరాలుగా సైన్యం అంటే పడిచచ్చే ఇల్లు. కథ 1866లో, జపాన్‌లోనే చోషూ అనే సంస్థానం సేనలు కొకురా అనే కోట ఊరి మీదికి వచ్చిన అంతర్యుద్ధపు రోజుల్లో మొదలై, చైనాతో 1894–95 యుద్ధం, రష్యాతో 1904–05 యుద్ధం దాటుకుంటూ 1930లలో మళ్లీ చైనాతో మొదలైన యుద్ధం దగ్గరికి చేరుతుంది. ఈ మొదటి భాగం గబగబా నడుస్తుంది. జపాన్ చరిత్ర బొత్తిగా తెలియకపోతే ఎవరు ఎవరి కొడుకో తికమకగానే ఉంటుంది. కంగారు పడక్కర్లేదు, గుర్తుపెట్టుకోవాల్సింది రెండే విషయాలు. ఒకటి, ఆ ఇంట్లో మగపిల్లవాడు పుడితే సైన్యానికే. రెండు, తొమొసుకె రష్యా యుద్ధానికి బయల్దేరి కూడా జబ్బుపడి, యుద్ధరంగం చూడకుండానే వెనక్కి వచ్చేశాడు. ఆ వెలితి అతన్ని జీవితమంతా తొలుస్తూనే ఉంటుంది.

తను చేయలేనిది కొడుకు షింతారో చేయాలని అతని పట్టుదల. పిల్లవాడేమో పిరికివాడు. తోటి కుర్రాళ్లు వంతెన మీంచి ఏట్లోకి దూకుతుంటే వీడు దూకలేడు. తండ్రి కోప్పడతాడు. తల్లి అంతకన్నా గట్టిది, ముద్దు చేయడం ఆమె దగ్గర కనిపించదు. మగపిల్లలు చక్రవర్తి మన దగ్గర ఉంచిన సొత్తనీ, తిరిగి అప్పజెప్పేదాకా మనసు కుదురుగా ఉండదనీ ఆమె నమ్మకం. ఆ మాట ఆమె నోటితోనే వింటాం. చివరికి షింతారో సైనికుడవుతాడు, చైనాకు బయల్దేరుతాడు, ఊరంతా సాగనంపడానికి వీధిలోకి వస్తుంది. కథ అంతే.

సైన్యం అండతో తీసిన సినిమా కదా, అయితే ప్రచార చిత్రమేగా?

అవును, అందులో దాపరికం ఏమీ లేదు. సైనిక మంత్రిత్వ శాఖ వెనక ఉండి తీయించిన సినిమా ఇది. పెర్ల్ హార్బర్ దాడికి మూడేళ్లు నిండే సమయానికి జనంలోకి వెళ్లాలన్నది ఉద్దేశం. 1944 ఎలాంటి సంవత్సరమో గుర్తు చేసుకుంటే ఆ తొందర అర్థమవుతుంది. జూలైలో పసిఫిక్‌లోని సైపాన్ దీవి జపాన్ చేజారింది. అక్టోబర్‌లో ఆత్మాహుతి విమానదళాలు మొదలయ్యాయి. నవంబర్ 24 నుంచి అమెరికా బీ-29 విమానాలు టోక్యో మీద బాంబులు వేస్తున్నాయి. ఇంకా మిగిలిన కొడుకులను కూడా పంపమని తల్లిదండ్రులకు చెప్పాల్సిన పరిస్థితి ప్రభుత్వానిది.

నవలా రచయిత హినో కూడా ఆషామాషీ మనిషి కాడు. సైనికుడిగా చైనాలో ఉండగానే జపాన్‌లో పెద్ద సాహిత్య పురస్కారమైన అకుతగావా బహుమతి అందుకున్నవాడు. యుద్ధభూమి నుంచి రాసిన పుస్తకాలతో దేశమంతా పేరు తెచ్చుకున్నవాడు. ఇంత పేరున్న రచయిత, ఇంత పెద్ద కంపెనీ, పైన మంత్రిత్వ శాఖ. ఈ సరంజామా అంతా కలిసి ఎలాంటి సినిమా వస్తుందని ఎవరైనా అనుకుంటారో, మొదటి గంటా పది నిమిషాలూ దాదాపు అలాంటి సినిమాయే.

మంగోలుల గురించి ఆ పెద్ద గొడవ ఏమిటి? మధ్యలో ఎందుకొచ్చింది?

నాకు ఈ సినిమాలో చివరి సన్నివేశం తర్వాత బాగా నచ్చింది ఇదే. 1274లో, 1281లో మంగోలులు ఓడల్లో జపాన్ దక్షిణాన ఉన్న క్యూషూ దీవి తీరానికి వచ్చారు. తుఫాను వాళ్ల ఓడలను ముంచేసింది, దేవుడే గాలిని పంపి దేశాన్ని కాపాడాడని జపాన్‌లో నమ్మకం. సినిమాలో సకురాగి అనే ఫ్యాక్టరీ యజమాని మాటల్లో మాటగా ఒక చిన్న అనుమానం బయటపెడతాడు. ఆ గాలి వీచకపోయి ఉంటే మనం ఓడిపోయేవాళ్లమేమో అంటాడు. తొమొసుకెకి ఒళ్లు మండిపోతుంది. ఓడిపోయే ప్రశ్నే లేదు, అలా అనుకోవడమే తప్పు అంటాడు. ఇద్దరు నడివయసు పెద్దమనుషులు ఏడు వందల ఏళ్ల కిందటి తుఫాను మీద స్నేహం తెంచుకునేదాకా వెళ్తారు.

సకురాగిగా చేసిన ఎయిజిరో తోనో ఈ పాత్రను నవ్వుతాలుగా మొదలుపెట్టి మెల్లగా బరువెక్కిస్తాడు. అతని కొడుకు కూడా యుద్ధంలో ఉన్నాడు. ముందు వరుస నుంచి వచ్చిన మనిషి దొరికితే, అక్కడ ఎలా ఉంది, మావాడున్న వైపు పోరు గట్టిగా ఉందా అని తిప్పితిప్పి అడుగుతాడు. తొమొసుకె లాంటివాళ్లకు ఆ ఆరాటం సిగ్గుచేటు. కానీ కెమెరా సకురాగిని వెక్కిరించదు. 1944 డిసెంబర్‌లో, మళ్లీ ఆ ‘దైవపవనం’ (కమికాజె) పేరే పెట్టుకున్న ఆత్మాహుతి దళాలు ఎగురుతున్న రోజుల్లో, “గాలి వీచకపోతే?” అన్న ప్రశ్నను తెర మీద ఒక మంచి మనిషి చేత అడిగించడం మామూలు విషయం కాదు. జవాబు సినిమాలో సర్కారీగానే ఉంది. గుర్తుండేది మాత్రం ప్రశ్నే.

అందరూ చెప్పే ఆ చివరి సన్నివేశంలో ఏముంది?

కొడుకు దళం బయల్దేరే రోజు. భర్తా, మిగతావాళ్లూ సాగనంపడానికి వెళ్లారు. వెళ్తే ఏడ్చేస్తానేమోనని వాకా ఇంట్లో ఉండిపోతుంది. ఒంట్లో సత్తువ లేనట్టు ఒంటరిగా కూలబడుతుంది. అప్పుడు 1882లో చక్రవర్తి సైనికులకు ఇచ్చిన శాసనంలోని ఐదు నియమాలు ఆమె నోటికి వస్తాయి: విధేయత, మర్యాద, పరాక్రమం, మాట నిలుపుకోవడం, నిరాడంబరత. కొడుకు చేత వల్లె వేయించిన మాటలే. ఇప్పుడు ఆమె గొణుగుతుంటే వాటిలో ధైర్యం లేదు, కాలు నిలవడానికి ఏదో ఒకటి పట్టుకుంటున్నట్టు ఉంది.

దూరంగా బ్యూగిల్ వినిపిస్తుంది. ఆమె తల ఎత్తుతుంది. ఒక్క క్షణం ఏమీ చేయదు. తర్వాత లేచి వీధిలోకి వస్తుంది. నడక వేగమై, వేగం పరుగవుతుంది. సందులు దాటి పెద్ద వీధిలో పడేసరికి అక్కడంతా జనం, చేతుల్లో కాగితపు జెండాలు, జయజయధ్వానాలు, ఆ మధ్యలో కవాతు చేస్తూ పోతున్న సైనికులు. ఒకే రకం బట్టలు, ఒకే రకం టోపీలు. అంతమందిలో ఒక్క మొహం కోసం ఆమె జనాన్ని తోసుకుంటూ వరుస పక్కనే పరుగెత్తుతుంది. కెమెరా కూడా ఆమెతో పాటే పోతుంది. ఆమె జనం వెనక మాయమై, సందు దొరికిన చోట మళ్లీ కనిపిస్తుంటుంది. చూస్తున్నవాళ్లం మనమూ వెతకడం మొదలుపెడతాం.

దొరికాడు. పక్కనే పరుగెడుతూ ఏదో చెబుతుంది. ఏం చెబుతోందో మనకు వినిపించదు, బ్యాండు మోతలో కలిసిపోతుంది. కొడుకు నవ్వుతాడు. ఆమే నవ్వబోతుంది, ఆ నవ్వు మధ్యలోనే మొహం మారిపోతుంది. వరుస ఆగదు కదా. జనం తాకిడికి ఆమె పడిపోతుంది. లేచేసరికి వాడు ముందుకు వెళ్లిపోయాడు. ఆమె అక్కడే నిలబడి చేతులు జోడిస్తుంది. సినిమా అయిపోతుంది.

వాకా ఇంట్లో కూర్చున్న దగ్గర్నుంచి లెక్కేస్తే పది నిమిషాలకు దగ్గర. అంతసేపూ చెప్పుకోదగ్గ సంభాషణ లేదు. అంతవరకు ఈ సినిమాలో అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. విధి గురించి, దేశం గురించి, చరిత్ర గురించి ఉపన్యాసాల మీద ఉపన్యాసాలు. చివర్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోయేసరికి ఆ తేడా చూసేవాళ్లకు ఒంటికి తగులుతుంది.

సెన్సారు దీన్ని ఎలా వదిలిపెట్టింది?

1939 సినిమా చట్టం ప్రకారం షూటింగ్‌కు ముందే స్క్రిప్టు చూపించాలి. అధికారులు అక్షరం అక్షరం చదివేవాళ్లు. ఓజు అంతటివాడు 1940లో రాసుకున్న ఒక కథ కూడా ఈ గడప దాటలేకపోయింది. అయితే ‘రికుగున్’ స్క్రిప్టులో ఈ ముగింపు ఒక్క వాక్యమే: తల్లి కొడుకును సాగనంపుతుంది. అంతకన్నా పద్ధతైన వాక్యం ఉంటుందా? చదివినవాడు సంతకం పెట్టి ఉంటాడు. ఆ వాక్యాన్ని పది నిమిషాలు చేస్తారనీ, కినుయో తనాకా మొహం మీద చేస్తారనీ కాగితం మీద కనబడదు. పైగా తీసినదాంట్లో కూడా కత్తిరించడానికి పట్టు దొరకదు. జెండాలు ఉన్నాయి, జయధ్వానాలు ఉన్నాయి, తల్లి ప్రార్థన ఉంది. వద్దనే మాట ఒక్కటీ లేదు.

అంటే యుద్ధానికి వ్యతిరేకంగా తీసిన సినిమా అనొచ్చా?

చాలామంది అంటారు. నేను అనను. అలా అంటే మొదటి గంటను మాయం చేసినట్టవుతుంది. ఆ గంటలో చైనా మీద యుద్ధం న్యాయమైనదే అన్నట్టు నడుస్తుంది. అక్కడ చచ్చిపోతున్నది ఎవరన్న ఊసే లేదు. కినొషితా స్వయంగా 1940లో సైన్యంలోకి వెళ్లి చైనాలో ఉండి తిరిగొచ్చినవాడు. తెలియక వదిలేసిన విషయం కాదు.

అలాగని చివరి పది నిమిషాలను “తల్లి ప్రేమ, అంతే” అని తేల్చేయడమూ కుదరదు. కొడుకును సైన్యానికిచ్చే తల్లి కన్నీళ్లు పెట్టకూడదన్నది ఆనాటి మర్యాద. పత్రికలూ సభలూ అదే చెప్పేవి. వాకా ఆ మర్యాదను మనసా వాచా నమ్మిన మనిషి. అందుకే ఆమె పరుగు అంత తాకుతుంది. యుద్ధాన్ని ద్వేషించే తల్లి ఏడిస్తే సైన్యానికి ఇబ్బంది లేదు, ఆమెను దేశద్రోహి అనేసి ఊరుకోవచ్చు. తమ పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పిన తల్లే చివరికి వీధిలో పడి లేస్తూ పరుగెడితే ఏమనాలి? మొదటి గంటలో ఆమె అంత కఠినంగా ఉండకపోతే ఈ ప్రశ్నే పుట్టదు.

నా లెక్కలో ఇది రెండు మనసుల సినిమా. కినొషితా ఒప్పుకున్న పని చేశాడు, చివరికొచ్చేసరికి అబద్ధం ఆడలేకపోయాడు. రెండూ నిజమే. ఒకదాన్ని కొట్టేసి రెండోదాన్ని మెచ్చుకోవడం మన సౌకర్యం కోసం చేసే పని.

విడుదలయ్యాక దర్శకుడికి ఏమైంది?

జైలుకు పంపలేదు, సినిమాను ఆపేయలేదు. కానీ సైన్యంలో పెద్దలకు ఆ ముగింపు మింగుడుపడలేదు. కొడుకును పంపే తల్లి ఇంత దిగులుగా ఉండడమేమిటని వాళ్ల అభ్యంతరం. కినొషితా తర్వాత చేయాల్సిన సినిమా ఆత్మాహుతి దళాల మీద. అది రద్దయింది. ఆయన షోచికుకు రాజీనామా ఇచ్చి సొంత ఊరు హమమత్సు వెళ్లిపోయాడు.

అక్కడ తల్లి పక్షవాతంతో మంచాన ఉంది. బాంబుదాడులు ఎక్కువవడంతో ఆమెను కొండల్లోని పల్లెకు చేర్చాలి. బస్సు కుదుపులకు తట్టుకోలేదని, చేత్తో లాగే బండిలో పడుకోబెట్టి కొండదారిన లాక్కుంటూ తీసుకెళ్లారు. ఈ ప్రయాణం మీద కెయిచి హరా 2013లో ఒక సినిమా తీశాడు. అందులో ‘రికుగున్’ చివరి సన్నివేశాన్ని ఒక ముక్క కాదు, సుదీర్ఘంగా చూపిస్తాడు.

యుద్ధం అయిపోయాక కినొషితా షోచికుకే తిరిగొచ్చాడు.

కినుయో తనాకా గురించి కొంచెం చెప్పండి.

1909లో షిమొనొసెకిలో పుట్టింది. మూకీల కాలం నుంచే పెద్ద తార. మిజొగుచి సినిమాల్లో ఆమెను చూసినవాళ్లు ఇక్కడ వాకాగా గుర్తుపట్టడానికి కాస్త టైమ్ పడుతుంది. నటన అంతా వెనక్కి లాక్కుని ఉంటుంది. మెడ బిగించి, గొంతు గట్టిగా చేసుకుని, ఇంటి పనులు చకచకా చక్కబెట్టే ఆడమనిషి. ఆ బిగింపంతా ఎందుకోసం దాచిపెట్టిందో చివర్లో తెలుస్తుంది. 1953లో ఆమె దర్శకురాలైంది, మొత్తం ఆరు సినిమాలు తీసింది. మహిళలకు మెగాఫోన్ దొరకని పరిశ్రమలో అది చిన్న సంగతి కాదు. ఆ మొదటి సినిమాకు స్క్రిప్టు రాసిచ్చింది కినొషితాయే.

తండ్రి పాత్రధారి ఓజు సినిమాల్లో నెమ్మదస్తుడైన నాన్నేనా?

ఆయనే. ఇక్కడ మాత్రం అరుస్తాడు.

మన మీద బాంబులేసిన దేశం ప్రచార సినిమా మనమెందుకు చూడాలి?

న్యాయమైన ప్రశ్నే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. తీరప్రాంతం జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఉత్తరాంధ్ర ఇళ్లలో ఆ కబుర్లు చాలా కాలం నడిచాయి. ఆ విమానాలు నావికాదళానివి, ఈ సినిమా భూసైన్యానిది. కింద పడే బాంబుకు ఆ తేడా తెలియదనుకోండి.

చూడమని నేను చెప్పేది జపాన్ మీద జాలి కోసం కాదు. ఒక మామూలు ఇల్లు, మామూలు అమ్మానాన్నా, తమ పిల్లవాణ్ణి వేరే దేశం మీదికి పంపడం ధర్మం అని ఎలా నమ్మారో ఇంత దగ్గరగా చూపించే సినిమాలు తక్కువ. యుద్ధం తర్వాత తీసినవాటిలో అందరూ ముందే తెలివి తెచ్చుకున్నట్టు ఉంటారు. ఇది యుద్ధం జరుగుతుండగా తీసింది, గెలుస్తామో లేదో తీసినవాళ్లకే తెలియదు. తకాగి కుటుంబం ఉండే ఫుకుఓకా నగరం తర్వాతి ఏడాది జూన్ 19 రాత్రి బాంబుదాడిలో చాలా వరకు తగలబడిపోయింది.

మొదటి గంట బోరు కొడుతోంది. నేరుగా చివరికి వెళ్లిపోవచ్చా?

వద్దు. యూట్యూబ్‌లో ఆ ముక్క ఒక్కటే చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లు ఉన్నారు, కానీ అలా చూస్తే అది కొడుకును సాగనంపే ఏ తల్లి సన్నివేశమైనా కావచ్చు. మరీ ఓపిక లేకపోతే 1866, 1895 భాగాలు నడుస్తుండగా చాయ్ పెట్టుకోండి. షింతారో చిన్నప్పటి నుంచి మాత్రం కదలకుండా చూడండి.

మంచి ప్రింటు ఎక్కడ దొరుకుతుంది? తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయా?

అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 2014లో ‘ఎక్లిప్స్’ వరుసలో కినొషితా యుద్ధకాలపు సినిమాలు నాలుగూ, యుద్ధం ముగిశాక తీసిన మొదటిదీ కలిపి ఐదింటిని ఒక డీవీడీ పెట్టెగా తెచ్చింది. అందులో ఇది ఉంది, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో. బొమ్మ మీద గీతలు, శబ్దంలో గరగర ఉంటాయి, ఈ వయసు సినిమాకు అది మామూలే. తెలుగు సబ్‌టైటిల్స్‌తో నేనైతే ఎక్కడా చూడలేదు. ఇంగ్లిష్ అంత అలవాటు లేని పెద్దవాళ్లతో చూస్తుంటే మొదటి భాగంలో మధ్యమధ్య ఆపి చెప్పాలి. చివర్లో ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఇది నచ్చితే తర్వాత ఏం చూడాలి?

ముందుగా అదే డీవీడీ పెట్టెలో ఉన్న, 1946లో వచ్చిన ఒసొనె కుటుంబం సినిమా. యుద్ధం పోయాక కినొషితా తీసిన మొదటిది. అందులో తల్లి నోరు తెరిచి, ఇంట్లో పెత్తనం చేసిన సైనికాధికారి మరిదిని కడిగిపారేస్తుంది. వాకా చెప్పలేనిదంతా ఈమె చెప్పేస్తుంది, నిజం చెప్పాలంటే అందుకే సినిమాగా కొంచెం తగ్గింది. తర్వాత 1954 నాటి ‘ఇరవై నాలుగు కళ్లు’. షొదోషిమా దీవిలో ఒక పంతులమ్మ, ఆమె మొదటి తరగతిలోని పన్నెండు మంది పిల్లలు, వాళ్లలో మగపిల్లల్ని యుద్ధం ఏం చేసిందన్న కథ. రుమాలు దగ్గర పెట్టుకోండి.

పోల్చి చూడాలనుకుంటే ఓజు 1942లో తీసిన తండ్రీకొడుకుల సినిమా, కురోసావా 1944లో లెన్సుల ఫ్యాక్టరీ అమ్మాయిల మీద తీసిన సినిమా కూడా వెతకండి. ముగ్గురూ ఒకే చట్టం కింద, ఒకే రకం అధికారుల కళ్ల ముందు పనిచేశారు. ఓజు యుద్ధాన్ని గుమ్మం బయటే ఉంచి తండ్రి మాటల్లో విధి గురించి మాట్లాడించాడు. కురోసావా ఆ అమ్మాయిల శ్రమను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. వరుసలో ఏది ముందు చూసినా ఫర్వాలేదు, ‘రికుగున్’ మాత్రం ఆఖర్న పెట్టుకోండి. దాని తర్వాత అదే రోజు ఇంకో సినిమా పెట్టాలనిపించదు.